పూర్వపక్షమును విన్న ఆచార్యులు

దైవమునందు విశ్వాసము గలవాని బుద్ధి సంకెల వేయబడినదనియు, విశ్వాసము లేనివానికే ఏ మాటనైనను వినగల స్వేచ్ఛ యుండుననియు చెప్పువారు కలరు. నాస్తికుడు తనకు మించినది లేదనుకొనును గనుక వాడే యెవరి మాటయు వినడని చెప్పువారును కలరు. ఈ రెండు మాటలును సభలలో చప్పట్లు కొట్టించుకొనునవే గాని, మనుష్యుల నడవడిని చూచి చెప్పినవిగ నాకు తోచవు. ఎదుటివాని మాటను సగములోనే త్రుంచివేయు భక్తులను నేనెరుగుదును. పురాణమును తుదివరకు ఓపికతో విని, న్యాయముగ ప్రశ్నించిన నిరీశ్వరవాదులను ఎరుగుదును. ఇందుకు విపరీతముగ నున్నవారిని ఉభయపక్షములలోను చూచితిని. కావున వాదము నటుంచి, ఒక మహాపురుషుని జీవితమును ఈ దృష్టితో పరిశీలింతము.

భగవద్రామానుజులకంటె దృఢమైన విశ్వాసము గలవారిని చెప్పుట కష్టము. వారి సహస్రాబ్ది మహోత్సవము 2017లో దేశమంతటను జరిగినది. 2022 ఫిబ్రవరిలో హైదరాబాదు సమీపమున ముచ్చింతలయందు 216 అడుగుల వారి విగ్రహము ఆవిష్కృతమైనది. ఆ సందర్భముల యందు వారి సమతాదృష్టిని గూర్చి పెద్దలనేకులు ప్రసంగించిరి. పరుల మాటను వినుటయందు వారు చూపిన శ్రద్ధను గూర్చి అంతగా విన్నట్లు జ్ఞాపకము లేదు. అదియే యిచ్చట మనకు ప్రస్తుతము.

శ్రీరామానుజులు క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున ఆసూరి కేశవసోమయాజికి, కాంతిమతీదేవికి కుమారులై అవతరించిరి. మేనమామయగు శ్రీశైలపూర్ణులు, అనగా మన తిరుమలనంబిగారు, శిశువునకు లక్ష్మణుడని నామకరణము చేసిరి. తండ్రి పరమపదించిన పిమ్మట కాంచీపురము చేరి, యాదవప్రకాశులను వేదాంత పండితుని వద్ద విద్యాభ్యాసము సాగించిరి.

ఈ యాదవప్రకాశులను సంప్రదాయగ్రంథములు సామాన్యముగ అద్వైతియని వ్యవహరించును. శ్రీభాష్యమును, వేదార్థసంగ్రహమును చదివినవారికి మాత్రము ఆయన మతము శాంకరమతముకంటె వేరనియు, అది యొక విధమగు భేదాభేదవాదమనియు తెలియును. రామానుజులు శంకరుల మతమును, భాస్కరుల మతమును, యాదవుల మతమును వేర్వేరుగ నెత్తి వేర్వేరుగ సమాధానము చెప్పిరి. తమకు సమ్మతము గాని వారినందరిని ఒకే మూటగట్టి పారవేయలేదు. ఇది చిన్న విషయముగ కనబడవచ్చును గాని కాదు.

గురుశిష్యుల నడుమ భేదము పుట్టిన ఘట్టము అందరెరిగినదే. ఒకనాడు శిష్యుడు గురువునకు అభ్యంగనమునకై తైలము రుద్దుచుండగా, ఛాందోగ్యమున పరమపురుషుని నేత్రములను వర్ణించు వాక్యమునందలి కప్యాసశబ్దమునకు గురువు వానరపు పృష్ఠభాగమను అర్థమును చెప్పెను. శిష్యుని కన్నులనుండి వెచ్చని బాష్పములు రాలి గురువు తొడపై పడినవి. కారణమడుగగా, ఉదకమును పానము చేయు సూర్యుని కిరణములచే వికసించిన తామర యని ఆ శబ్దమునకు వ్యుత్పత్తిని రామానుజులు వినయముతో విన్నవించిరి. ఇచ్చట గమనింపదగినది యేమనగా, శిష్యుని భక్తి నొచ్చుకొన్నది. కాని భక్తి నొచ్చినదని ఊరకొనక, ఆగ్రహింపక, వ్యాకరణముతో ప్రత్యుత్తరమిచ్చినది. గురువునకది సహింపరానిదయ్యెను. కాశీయాత్రయను నెపముతో శిష్యుని గొనిపోయి గంగలో ముంచవలెనను దురాలోచన పుట్టెను. వింధ్యారణ్యమున పినతల్లి కుమారుడగు గోవిందుడు రహస్యముగ హెచ్చరింపగా, రామానుజులు తప్పించుకొని, ఒక బోయదంపతుల తోడ్పాటుతో కంచి చేరిరి. ఆ దంపతులు సాక్షాత్తు వరదరాజస్వామియు, పెరుందేవి తాయారును అని పెద్దలు చెప్పుదురు.

యాదవప్రకాశులు యాత్రనుండి మరలి వచ్చిన పిమ్మట రామానుజులు మరల ఆ పాఠమునకే వెళ్లిరని గురుపరంపర చెప్పుచున్నది. ప్రాణము తీయ నెంచిన వానివద్ద కూర్చుండి మరల శాస్త్రము వినుట యెట్టిదో పాఠకులు ఊహింపవలెను. సిద్ధాంతమునందు వారు రవ్వంతయు కదలలేదు. అయినను వినుట మానలేదు. తుదకు మరియొక శ్రుతివాక్యముపై మతభేదము వచ్చి గురువే పొమ్మనగా పోయిరి.

చాలకాలమునకు పిమ్మట జరిగినదానిని గూడ ఇచ్చటనే చెప్పుట మేలు. యాదవప్రకాశులు వృద్ధాప్యమున తల్లి ప్రేరణచే రామానుజుల యొద్దకు వచ్చెను. ఊరకే వచ్చి పాదములపై పడలేదు. తన సందేహములను అడిగెను. రామానుజులు వానికి కూరేశులచేత ప్రమాణపూర్వకముగ సమాధానములు చెప్పించిరి. ఆయన తృప్తుడై తన శిష్యునకే శిష్యుడై, గోవిందజీయరను పేర సన్న్యసించి, యతిధర్మసముచ్చయమను గ్రంథమును రచించెను. శిష్యుడు గురువును మించుట లోకమున కలదు. దానిని గురువే ఒప్పుకొనుట మిక్కిలి అరుదు. యౌవనమున అసూయచే మూసికొనిన బుద్ధి వార్ధక్యమున తెరచుకొనెను. ఈ రెండు కాలములయందును ఆయన ఆస్తికుడే, వేదాంతియే.

కంచిలోనే మరియొక వృత్తాంతము కలదు. వరదరాజస్వామికి నిత్యము వింజామర వీచు కాంచీపూర్ణులు, తిరుక్కచ్చినంబి యను మహాభక్తులు, వైశ్యకులజులు. రామానుజులకు వారియందు ఆచార్యభావము. ఒకనాడు భోజనమునకు ఆహ్వానించి, వారు భుజింపగా మిగిలిన శేషమును తాము స్వీకరింపవలెనని తలచిరి. నంబిగారు రామానుజులు ఇంట లేని సమయమున వచ్చి త్వరగా భుజించి వెడలిరి. ఆ యిల్లాలు మిగిలిన యన్నమును ఇతరులకిచ్చి, విస్తరి తీసివేసి, ఆ చోటు శుద్ధిచేసి, తాను స్నానమాచరించి, భర్తకు వేరుగ వంట చేసెను. రామానుజులు తిరిగివచ్చి మిక్కిలి ఖిన్నులైరి. ఈ సాధ్విని నిందించుట కొందరికి పరిపాటి. అది న్యాయము గాదని నా అభిప్రాయము. ఆమె తాను పుట్టిపెరిగిన యింట నేర్పిన ఆచారమును పాటించెను; వరదునియందు ఆమెకును భక్తి కలదు. ఒకే యింట, ఒకే దేవుని గొలుచు ఇరువురిలో ఒకరి చూపు విస్తరివరకే ఆగినది, ఒకరిది ఆ విస్తరి ముందు కూర్చున్న మహనీయుని చూచినది. కాబట్టి విశ్వాసమొక్కటియే మనస్సును విశాలము చేయునని గాని, సంకుచితము చేయునని గాని యెట్లనవచ్చును?

ఆ దాంపత్యము తుదకు నిలువలేదు. మహాపూర్ణుల భార్యతో నూతివద్ద కుండల విషయమున కలహము కలుగుట, రామానుజులు సన్న్యసించుట మొదలగునవి ప్రసిద్ధములు గనుక విస్తరింపను.

శ్రీరంగము చేరిన పిమ్మట రామానుజులకు ఈ విశాలత సులభముగ లభించినదనుకొనరాదు. వారును నేర్చుకొనిరి. యామునాచార్యుల శిష్యులలో మారనేరినంబి యను పరమభాగవతులొకరు కలరు, అంత్యకులమున జన్మించినవారు. వారు పరమపదించినపుడు, వారి కోరిక ననుసరించి, బ్రాహ్మణోత్తములును రామానుజుల ఆచార్యులును అగు మహాపూర్ణులు స్వయముగ చరమసంస్కారము చేసిరి. ఊరివారు మహాపూర్ణులను వెలివేసిరి. అప్పుడు రామానుజులే వెళ్లి, తాము ధర్మమునకు కంచె వేయుచుండగా ఆచార్యులే దానిని త్రెంపవచ్చునా యని ప్రశ్నించిరి. మహాపూర్ణులు కోపింపలేదు. జటాయువునకు శ్రీరాముడు సంస్కారము చేయలేదా, విదురునకు ధర్మరాజు చేయలేదా, తానా రామునికంటె గొప్పవాడా, మారనేరినంబి ఆ పక్షికంటె తక్కువవాడా యని తిరిగి యడిగిరి. రామానుజులు సంతోషించి శిరసు వంచిరి. తెలిసియే లోకమునకు వినిపించుటకై అడిగిరని వ్యాఖ్యాతలు సమర్థింతురు. కావచ్చును. నాకు మాత్రము నిజముగనే అడిగినట్లు భావించుట యందే రుచి యెక్కువ. ఇతిహాసమును నమ్మినవారు గనుకనే ఇతిహాసములోని దృష్టాంతము వారిని కదల్పగలిగెను.

గోష్ఠీపూర్ణుల యొద్దకు పదునెనిమిది మారులు నడచిపోయి రహస్యార్థమును గ్రహించి, దానిని పలువురకు వెల్లడించిన కథ మన బాలబాలికలకు గూడ తెలిసినదే.

ఇక శ్రీభాష్యము. నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పునది ఇదియే. బ్రహ్మసూత్రములలో మొదటి అధికరణమునందే, లఘుపూర్వపక్షము, లఘుసిద్ధాంతము ముగిసిన వెనుక, మహాపూర్వపక్షమని యొక భాగము కలదు. నిర్విశేషమగు బ్రహ్మమొక్కటియే సత్యమనియు, తక్కినదంతయు అవిద్యచే కల్పితమనియు చెప్పు మతమును రామానుజులచ్చట పక్షవాది తానే మాటలాడుచున్నట్లు, శ్రుతులతో, యుక్తులతో, ఒక్క మెట్టయినను వదలక నిరూపించిరి. పాఠశాలలో దానిని చదువు దినములలో మాలో కొందరు ఇదియే సిద్ధాంతమేమోయని తికమకపడిన సందర్భములు గలవు. మా గురువుగారు నవ్వి, భ్రమపడినందుకు సంతోషించి, భ్రమపడనివాడు పూర్వపక్షమును సరిగ చదువలేదని చెప్పెడివారు. ఆ పిమ్మట గదా మహాసిద్ధాంతము, అవిద్యావాదముపై సప్తవిధానుపపత్తులు! ఎదుటివాని వాదమును బలహీనముగ చెప్పి దానిని ఖండించుట సులభము. భాష్యకారులు దానిని ఎంత బలముగ చెప్పవచ్చునో అంత బలముగ చెప్పిరి. తన దేవుడు వాదమున ఓడిపోవునేమోయను భయమున్నవాడు ఈ పని చేయజాలడు. తన విశ్వాసమును చేతిలోని గాజుపాత్రవలె పట్టుకొని తిరుగువానికి ప్రతి మాటయు రాయిగనే కనబడును. కొండవంటి విశ్వాసము గలవానికి రాళ్లవలన భయమెందులకు?

వారి నోటిమాటలను తాటాకులపై గంటముతో వ్రాసినవారు కూరేశులు. కాశ్మీరమునకు పోయి చూచి వచ్చిన బోధాయనవృత్తిని ధారణలో నిలుపుకొని వచ్చిన మహామేధావి. ఆయనతో రామానుజులొక నియమము చేసికొనిరి. తాము చెప్పినదానిలో తనకు సమ్మతము గానిదున్నచో కూరేశులు వాదింప నక్కరలేదు, గంటమును ఆపిన చాలును. రెండవ అధ్యాయమున జీవస్వరూపమును నిరూపించు సూత్రము వచ్చినపుడు, జీవుడు జ్ఞాత యనుటతో రామానుజులు నిలిపిరి. జీవుడు భగవంతునకు శేషభూతుడనునది చెప్పబడలేదు. గంటము ఆగెను. రామానుజులు మరల చెప్పిరి. గంటము కదలలేదు. వారికి కోపము వచ్చెను. అట్లయిన భాష్యమును నీవే వ్రాసికొనుమని లేచిపోయిరి. కాలితో త్రోసిరని చెప్పు గాథలును కలవు. తోడివారు వచ్చి, ఇప్పుడేమి చేయుదువని కూరేశులనడుగగా, సొత్తును యజమాని యేమి చేసికొన్నను సొత్తునకు చెప్పుకొనదగినదేమియు లేదని ఆయన బదులు చెప్పిరట. కొంతసేపటికి రామానుజులు విచారించి, శిష్యుడు సరిగ నున్నాడని గ్రహించి, వచ్చి ఆయనను గారవించిరి. శేషత్వముతో కూడిన జ్ఞాతృత్వమే జీవస్వరూపమని తేటపడిన తరువాత లేఖనము సాగెను. కోపము వచ్చిన మాటను మన పూర్వులు దాచలేదు. అది వారి గొప్పతనము. ఆచార్యుల చరిత్రలో ఆచార్యుడు తడబడిన చోటును వ్రాసియుంచిన పరంపర యిది.

యజ్ఞమూర్తితో జరిగిన వాదమునందును ఇట్లే. ఆయన మాయావాదమున ఆరితేరిన సన్న్యాసి. కాశిలో విజయములంది, పుస్తకములను మోయించుకొని శ్రీరంగమునకు వచ్చెను. తానోడినచో రామానుజుల పాదుకలు మోసి వారి నామమును ధరింతుననెను; రామానుజులు తామోడినచో గ్రంథము ముట్టనని పలికిరి. పదునేడు దినములు వాదము జరిగెను. పదునేడవనాడు రామానుజుల పక్షము తగ్గియుండెననియే గురుపరంపర చెప్పుచున్నది. ఆ రాత్రి మఠమున పేరరుళాళుని ముందు నిలిచి మొరపెట్టుకొనిరి. స్వామి స్వప్నమున కనబడి యామునాచార్యుల యుక్తులను స్మరింపజేసిరి. మరునాడు ప్రసన్నవదనులై సభకు వచ్చుచున్న రామానుజుల నడకను చూచియే యజ్ఞమూర్తి పాదములపై పడెను.

అది దైవకృప యని మనమందుము. తర్కము నెరిగినవారు మరియొక ప్రశ్న వేయవచ్చును: వాదము ముగియకుండ ఓటమి నెట్లొప్పుకొనెను? పదునేడు దినములు ఎదుటివాని ముఖము చూచుచు వినినవానికి మాటలతో పాటు మనిషియు అర్థమగును. యజ్ఞమూర్తియు వినినవాడే. అరుళాళప్పెరుమాళ్ ఎంబెరుమానారను పేరంది, జ్ఞానసారము, ప్రమేయసారము అను ద్రావిడగ్రంథములను రచించెను. రామానుజులాయనకు వేరు మఠము కట్టించి యిచ్చిరి. ఒకనాడు దారిని పోవువారు ఎంబెరుమానారు మఠమెక్కడ అని అడుగగా, ఏ ఎంబెరుమానారు అను ప్రశ్న పుట్టినందుకే ఆయన నొచ్చుకొని, ఆ మఠమును తానే పడగొట్టించి ఆచార్యుల సన్నిధి చేరెను.

మన వేంకటాచలముతో భాష్యకారులకు గల సంబంధమును పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీనివాసమూర్తిని గూర్చి వివాదము వచ్చినపుడు యాదవరాజు సభలో పురాణప్రమాణములను చూపి వాదించిరి. దానికిని తృప్తిపడనివారికై శంఖచక్రాదులను సన్నిధియందుంచి తలుపులు వేయించిన వృత్తాంతమును ఇతిహాసమాల చెప్పుచున్నది. నాకు దానికంటెను మనస్సున నిలిచినది, అప్పటికే మహాచార్యులుగ ప్రసిద్ధి గాంచిన వారు కొండ దిగువన మేనమామ తిరుమలనంబిగారి ముందు ఒక సంవత్సరము విద్యార్థివలె కూర్చుండి శ్రీరామాయణార్థమును వినుట. కొండమీద తమకు ఎదురు వచ్చిన ఆ వృద్ధుని, ఇంతటి పెద్దలు రావలెనా, ఎవరైన చిన్నవారు లేరా యని రామానుజులడిగిరట. నాలుగు వీథులును వెదకితిననియు, తనకంటె చిన్నవాడు కనబడలేదనియు తిరుమలనంబిగారు చెప్పిరి.

ఇన్ని చెప్పి ఒకటి చెప్పకుండుట సత్యమనిపించుకొనదు. శ్రీభాష్యమున ప్రథమాధ్యాయ తృతీయపాదమునందు అపశూద్రాధికరణము కలదు. అచ్చట రామానుజులు, ఇతర భాష్యకారులవలెనే, వేదాధ్యయనపూర్వకమగు బ్రహ్మోపాసనయందు శూద్రునకు అధికారము లేదనియే నిర్ణయించిరి. కాంచీపూర్ణుల శేషము నాశించినవారు, కావేరీస్నానమునకు పోవునపుడు బ్రాహ్మణశిష్యుల భుజమును, మరలి వచ్చునపుడు మల్లుడగు ధనుర్దాసుని భుజమును ఊతగ గొన్నవారు, సూత్రముముందు కూర్చున్నపుడు సూత్రమును దాటలేదు. దీనిని సమన్వయపరచువారు పలు విధములుగ సమన్వయింతురు. ప్రపత్తిమార్గమును, ఆళ్వారుల ద్రావిడవేదమును సర్వులకు సమానముగ నుంచిరనుట నిజము. తిరువాయ్‌మొళికి తిరుక్కురుగైప్పిరాన్ పిళ్లాన్‌చేత ఆరువేల వ్యాఖ్యను వ్రాయించిరనుటయు నిజము. అయినను భాష్యములోని ఆ పుటలు ఆ పుటలే. చదివి బాధపడు నేటివారిని నాస్తికులని త్రోసిపుచ్చుట పూర్వపక్షమును వినని వాని లక్షణమగును.

చోళరాజు భయమున శ్రీరంగమును వీడి కర్ణాటకదేశమునకు పోయినపుడు మేలుకోటలో తిరునారాయణుని ప్రతిష్ఠించి, దేవుని వెదకుటలో తోడ్పడిన అంత్యజులకు తిరుక్కులత్తారని పేరిడి, సంవత్సరమున కొన్ని దినములు ఆలయప్రవేశము కల్పించిరి. కొన్ని దినములే యేల యని నేడు అడుగవచ్చును, అడుగవలసినదే. ఆ కాలమునకు అదియు ఎవ్వరును చేయనిది. హోయసల రాజు బిట్టిదేవుడు వారి ప్రభావమున విష్ణువర్ధనుడై 1117లో బేలూరున కేశవాలయమును ప్రతిష్ఠించెనని ప్రసిద్ధి. ఆయన పట్టమహిషి శాంతలదేవి జైనమతమునందే యుండి, 1123లో శ్రవణబెళగొళమున బసది కట్టించెను. ఒకే రాజగృహమున రెండు దేవాలయముల దీపములు వెలిగినవి. మేలుకోటలో తురుష్కరాజపుత్రియగు బీబీనాచ్చియారు కథ యొకటి కలదు. ఢిల్లీలో సుల్తానుల రాజ్యము 1206లో గదా ఏర్పడినది, కాలము కుదరదని చరిత్రకారులందురు. కుదరకపోవచ్చును. శ్రీరంగమున ఆ నాచ్చియారుకు నేటికిని రొట్టె నివేదన జరుగుచున్నది.

ఆ చోళరాజెవ్వరను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. చోళులు విష్ణ్వాలయములకు దానములిచ్చిన శాసనములును కలవు. శైవులందరిని ఆ యొక్క రాజును బట్టి లెక్కింపరాదు. అయినను కథలోని రాజు గమనింపదగినవాడు. ఆయనయు పరమాస్తికుడే. ఆయనకు వాదము అక్కరలేదు, చేవ్రాలు కావలెను. శివునికంటె పరదైవము లేదని పత్రము వ్రాయించి, దానిపై రామానుజులచేత వ్రాలు చేయింపవలెనని నాలూరానను మంత్రి బోధించెను. ఈ నాలూరాను కూరేశుల శిష్యుడు! కూరేశులు ఆచార్యుని కాషాయమును తాము ధరించి, వృద్ధులగు మహాపూర్ణులతో రాజసభకు పోయిరి. పత్రమును ముందుంచగా, శివమను కొలతకంటె ద్రోణమను కొలత పెద్దదను శ్లేషను కూరేశులు అందులో వ్రాసిరి. ఫలితముగ ఇరువురును కన్నులు కోల్పోయిరి. మహాపూర్ణులు త్రోవలోనే పరమపదించిరి.

పండ్రెండేండ్లకు రామానుజులు శ్రీరంగమునకు మరలి వచ్చి, చూపులేని కూరేశులను కౌగిలించుకొని విలపించిరి. కంచికి పోయి వరదుని స్తుతించి కన్నులడుగుమని ఆజ్ఞాపించిరి. కూరేశులు వరదరాజస్తవమును రచించి స్వామిని సంతోషపెట్టి, వరము కోరుకొనుమనగా, తాను పొందు పదమును నాలూరానును పొందవలెనని యాచించిరి. కన్నులను గూర్చి అడుగలేదు. తనను పట్టియిచ్చినవానిని మరవకుండుటయే కాక, పరమపదమున తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనగోరిరి.

మరికొంతకాలమునకు కూరేశులు శ్రీరంగనాథుని సన్నిధిని మోక్షమును యాచింపగా, స్వామి వారికిని, వారితో సంబంధము గలవారందరికిని దానిని అనుగ్రహించెనట. ఈ వార్త విని రామానుజులు తమ ఉత్తరీయకాషాయమును ఆకాశమునకెగురవేసి ఆనందించిరి. ఇదేమని శిష్యులడుగగా, తనకును కూరేశులతో సంబంధము కలదు గనుక తనకును మోక్షము నిశ్చయమైనదని చెప్పిరి.